బాలమ్మ ఎలిగించిన పదకొండు కందిళ్లు

మా పక్కింటి బాలమ్మ మంచిది. ముందుగాల ఆ మాట చెప్పి తర్వాత తిడత. నేను రాజమణిని. ఛత్రినాకల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. ఆమె బర్రెలు నెమరేస్తే నా ఇంట్ల వినపడేది, నేను మా ఆయనను తిడితె ఆమె ఇంట్ల నవ్వెటోళ్లు. ఆమెకు నాలుగు బర్రెలు, మొఘల్‌పురాల ఇరవై ఇండ్ల పాల వాడిక. పొద్దు పొడవకముందే గుండిగ నెత్తికెత్తుకొని పోయేది. పాలల్ల చుక్క నీళ్లు కలిపేది గాదు. గంత నీతి ఎందుకక్కా, నీతి కడుపు నింపుతదా అంటే నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మా గల్లీ మలుపుల ఒక గుంత ఉండె. మోరి పైపులేస్తమని బల్దియావోళ్లు మనిషి లోతు తవ్వి పోయిండ్రు. పైపులు రాలే, తవ్వినోళ్లు రాలే. మూడేండ్లు గుంత గట్లనే నోరు తెరుచుకొని ఉన్నది. ఆ మలుపుల దీపం గూడ లేదు. పొద్దుగూకితే కన్ను పొడుచుకున్నా కానరాదు. బోనాలెత్తుకున్న ఆడోళ్లు సుత గోడను పట్టుకొని నడిచెటోళ్లు. ఒకనాడు జట్కా గుర్రం దాంట్ల పడి కాలిరగ్గొట్టుకొని తెల్లారేదాంక ఒర్రింది. పొద్దుగాల దాని మీద గోనెసంచి కప్పి సంపిండ్రు. బాలమ్మ మొగడు బీరయ్య గూడ పాల బిందెతోని దాంట్లనే పడ్డడు. తుంటి బొక్క ఇరిగింది. అప్పుడు మంచమెక్కినోడు మళ్ల దిగలే.

గవి లడాయి రోజులు, నలభై మూడో సంవత్సరం. బాలమ్మకు ఒక్కతే బిడ్డ, లలితమ్మ. సైదాబాద్ల తోటపని చేసే అంజన్‌కు ఇచ్చింది. లలితమ్మ తొలి కానుపుకు తల్లిగారింటికొచ్చింది. అప్పటికి ఎనిమిదో నెల. కానుపులు చేసే రాహేలమ్మ వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. ఆమె దవఖానల నర్సు పని చేసి మానేసిన మనిషి, మాట కట్టె ఇరిచినట్టు ఉంటది.

“బిడ్డ సరింగ లేదు బాలమ్మా, దవఖానకు తీస్కపో.”

“తొలి కానుపు పుట్టింట్ల గాకుంటే నలుగురు నవ్వరా అమ్మా? నువ్వున్నవ్ గదా.”

“నేనుంట. గని నాకు రెండు గావాలె. నేను పడకుంట వచ్చే తొవ్వ, నా చేతులు నాకు కనపడే ఎలుగు. పోయినసారి మీ గుంతల వడి నెల రోజులు కుంటిన. చీకట్ల కానుపు నేను చెయ్య.”

“సరే అమ్మా, గల్లీకి దీపం తెస్త,” అన్నది బాలమ్మ. సంతకు పోయి తట్ట తెస్త అన్నంత సులువుగ అన్నది. నేను ఆడనే ఉన్న.

బల్దియా ఆఫీసుల వైకుంఠమని ఒక గుమాస్తా ఉండె, తెలుగు మాట్లాడెటోడు. ఆయన చెప్పిండు: మీ వార్డుకు ఈ ఏడు ఆరు కరెంటు దీపాలకు, గుంతలు పూడ్చేతందుకు పైసలు మంజూరైనయి, ఏ గల్లీకి అవసరమో ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చి చూస్తడు, ఆయన రాసిందే రాత. మా గల్లీ పేరు ఆ పట్టీల ఎక్కించేతందుకు బాలమ్మ నెల రోజులు తిరిగింది. చెప్పులరిగేదాంక తిరిగింది అందామంటే ఆమెకు చెప్పులే లేకుండె, కాళ్లే అరిగినయి. ఆఖరికి బేస్తవారం పొద్దుగూకే యాళ్లకు సాబ్ వస్తడని ఖబరొచ్చింది.

ఇగ సూడుండ్రి ఆమె తెలివి! అంతకుముందు ఏడు ఒక దరోగా గిట్లనే చూడనీకి వచ్చి, పెండల కాలేసి, బూటు ఊడి, అమ్మనాబూతులు తిట్టుకుంట మలుపు కాడికెళ్లే మర్లిపోయిండు. ఆ భయం ఆమెకు పోలే. ఇంటింటికి తిరిగి, “అందరు మీ మీ కందిళ్లు ఎలిగించి వాకిట్ల పెట్టుండ్రి, సాబ్ పడితె మన ఇజ్జత్ పోతది” అని చెప్పుకుంటొచ్చింది.

నాకు మండింది. “నీకు మతి ఉన్నదా అక్కా? ఆయనొచ్చేది చీకటి చూడనీకి. చీకటి చూడొచ్చినోనికి ఎలుగు చూపిస్తవా?”

“అట్లనకు చెల్లె. మనింటికొచ్చిన పెద్దమనిషిని గుంతల పడేస్తమా? మంచిగ చూసుకుంటే ఆయనే ఖుషీ అయి రాస్తడు.”

“రాస్తడు, నీ మొఖం.”

నా మాట ఎవ్వలినలే. అందరికి ఆమె మాటే తీపి. పందిట్లకు పెండ్లికొడుకును పిలిచినట్టు తయారైండ్రు. రాళ్లు కొట్టే భిక్షపతి గుంతల ఇటుక ముక్కలు, బూడిద, పెండ, ఏది దొరికితే అది నింపి, మీదికెళ్లి ఎర్రమన్ను పోసి సాఫు చేసిండు. ఆడోళ్లు అలికి ముగ్గేసిండ్రు. గుంత ఏడున్నదో మాకే ఎరుక లేకుంట పోయింది.

నూనె సంగతి చెప్పాలె. లడాయి దిక్కెళ్లి కంట్రోల్ దుకాణంల నెలకు ఇంటికి పావు సీస గ్యాసునూనె, అదే కిరసనాయిలు, ఇచ్చెటోళ్లు. నెల మొదట్ల అప్పుడే తెచ్చుకున్నం. అదంతా బాలమ్మ కందిళ్లల్ల పోపిచ్చింది. నేను గూడ పోసిన, గని సగమే. తక్కిన సగం బియ్యం కుండల దాసిన.

బేస్తవారం పదకొండు కందిళ్లు ఎలిగినయి. సాబ్ రాలే. శుక్రారం మళ్ల ఎలిగించినం, రాలే. శనివారం వచ్చిండు. షేర్వాణి, ఎర్ర టోపి, మెత్తటి మనిషి. ఆయన చెడ్డోడని నేననను. మంచం మీద కూసోపెట్టి బాలమ్మ మీగడ పాలిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకొని, గల్లీ ఆ మూల నుంచి ఈ మూల దాంక చూసి, “మాషాల్లా, క్యా రోష్నీ హై” అన్నడు, ఎంత ఎలుగున్నది అని. కాయితం తీసి ఉర్దూల ఏందో రాసిండు. మాకెవ్వలికి చదవరాదు. గల్లీ తరఫున ఎవలన్న అంగూఠా పెట్టాలంటే బాలమ్మ ముందట పడ్డది. బొటనేలి మసి రెండు రోజులు కడుక్కోలే, అందరికి చూపిచ్చుకుంట తిరిగింది.

ఆ రాత్రి కందిళ్లు ఆర్పబుద్ధి కాలే ఎవ్వలికి. మూడేండ్లకు మా గల్లీల ఒకరి మొఖం ఒకరికి కనపడ్డది. ఉన్న నూనె అయిపోయేదాంక కూసున్నం. నేను గూడ నవ్విన.

రెండు వారాలకు స్తంభాలొచ్చినయి. మా ఎనుక దిక్కు పెద్ద గేట్లున్న తొవ్వకొచ్చినయి. ఆడ ఇదివరకే రెండు దీపాలుండె. బాలమ్మ బల్దియా ఆఫీసుకు ఉరికింది, నన్ను గూడ గుంజుకపోయింది. వైకుంఠం కాయితం తీసి చదివిండు: “గల్లీ సాఫుగున్నది. గుంతలు లేవు. పదకొండు దీపాలు మంచిగ ఎలుగుతున్నయి. ఈడ సర్కారు పైసలు పెట్టే అవసరం లేదు. కింద నీ అంగూఠనే గదా అవ్వా?”

కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టాయె. తొవ్వ పొడుగున నేను తిట్టుకుంటనే వచ్చిన. చెప్పిన గదా, ఇన్నవా? గల్లీ మొత్తం చీకట్ల పండుకుంటున్నది నీ దయతోని. ఆమె తలకాయ వంచుకొని నడిచింది. ఇంటికొచ్చి, “చెల్లె, లలిత కానుపు పొద్దుగూకినంక రాకుంటే అదే పదివేలు,” అన్నది.

గదే వారం వాన పట్టుకున్నది. మూడు రోజులు ఆగలే. నాలుగోనాడు దీపాలు పెట్టే యాళ్లకు లలితమ్మకు నొప్పులు లేచినయి. పెట్టనీకి ఏ ఇంట్ల దీపం లేదు. భిక్షపతి ఉరికి రాహేలమ్మను తోలుకొచ్చిండు. ఆమె తన కందిలి తనే పట్టుకొచ్చింది. మలుపు కాడ ముగ్గేసిన జాగ చదునుగనే కనపడ్డది. కింద పెండ, బూడిద నాని గంజి అయి ఉన్నయి. కాలు పెట్టంగనే నడుము దాంక దిగబడ్డది. కందిలి రాయికి తగిలి పలిగింది, నూనె బురదల పోయింది. ఇదివరకు గుంత ఉన్నదని భయపడి సుట్టు తిరిగి పోయెటోళ్లం. దాన్ని గూడ లేకుంట చేసుకున్నం మేమే.

భిక్షపతి ఆమెను గుంజి పైకి తీసిండు. ఎడమ మణికట్టు వాసింది. అయినా ఆ తల్లి మర్లిపోలే. లోపటికొచ్చి, “ఎలుగు తెండి, జల్ది” అన్నది.

బాలమ్మ ఒట్టి కందిలి పట్టుకొని ఇల్లిల్లు తిరిగింది. ఒక్కొక్క తలుపు కాడ “లేదు”, “లేదు”. కొందరు, “అంతా నీ సాబ్‌కు పోసినం గదా” అని మొఖం మీదనే అన్నరు. ఆఖరికి నా తలుపు కొట్టింది. నెత్తి మీదికెళ్లి నీళ్లు కారుతున్నయి.

“చెల్లె, ఒక్క గుక్కెడు నూనె.”

“లేదు,” అన్న.

మా ఆయన దగ్గుకు రాత్రి లేస్తడు, నెల ఎల్లనీకి ఇంక పది రోజులున్నది అని లోపట అనుకున్న. గదంతా సాకు. అసలు సంగతి కోపం. ఆ నాడు నా మాట ఇనలే, నలుగురి ముందట నన్ను పిచ్చిదాన్ని చేసింది, ఇప్పుడు ఒక్కసారి నన్ను బతిమాలాలె. బతిమాలితే ఇద్దామని తలుపు పట్టుకొని నిలవడ్డ. ఆమె బతిమాలలే. నేను లేదంటే లేదని నమ్మింది. మర్లి వానల పోయింది.

ఆమె ఎనుకనే పోయి లలితమ్మ తల నా ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఆముదం బుడ్డి ఒకటి దొరికితే ఎలిగించినం. దాని ఎలుగు దాని మూతికే చాలలే. చూరు కారి రెండుసార్లు ఆరింది, మూడోసారి వత్తి నాని అంటుకోలే. ఇగ అంతా చీకటే. చీకట్ల లలితమ్మ మూలుగు, పక్క అర్రల బీరయ్య ఏడుపు. ఒక జాముకు ఆడపిల్ల పుట్టి కేర్‌మన్నది. అందరం “అమ్మయ్య” అన్నం. లలితమ్మ గూడ నవ్వింది, నవ్వు నా చేతికి తెలిసింది.

“ఈ తడి ఏంది?” అన్నది రాహేలమ్మ.

“చూరు కారుతున్నదమ్మా, పొద్దటిసంది గట్లనే ఉన్నది,” అన్నది బాలమ్మ.

రాహేలమ్మ చేతులు బురదల, వానల నాని మొద్దుబారినయి, ఒకటి వాసి ఉన్నది. కొద్దిసేపాగి మళ్ల తడిమింది. వాసన చూసింది. “ఇవి నీళ్లు గావు. ఎలుగు! ఏదన్న ఎలుగు తెండమ్మా, ఏడికెళ్లి పోతున్నదో నాకు కనపడతలేదు” అని ఒర్రింది.

నా ఇల్లు నాలుగడుగులు. లేసి పోతే అయిపోయేది. తెస్తే, ఇందాక లేదంటివి గదా అని అందరి ముందట అడుగుతరని సిగ్గయింది. ఆ సిగ్గు కోసం కూసున్న. ఇప్పుడిస్త, ఇప్పుడిస్త అనుకుంటనే కూసున్న. నా ఒళ్లె లలితమ్మ తల బరువైంది.

తెల్లారినంక చూస్తే మంచం కింది నీళ్లు కడప దాంక ఎర్రగున్నయి.

పదకొండో నాడు బాలమ్మ మళ్ల బల్దియాకు పోయింది. పైసలడగలే, దీపమడగలే. “ఆ కాయితం మీద తప్పు ఉన్నది సారూ. మా గల్లీ చీకటిదే. నేను ఉత్తుత్తగ ఎలుగు చూపిచ్చిన. నేను అబద్ధం ఆడిన అని రాసుకో, అంగూఠా పెడత” అన్నది. వైకుంఠం అటిటు చూసి, “సాబ్ తప్పు రాసిండని నేను రాయాల్నా? నా నౌకరి పోతది. పో అవ్వా, ఈ ఏటి పైసలు ఖతమైనయి” అన్నడు. అబద్ధమాడితే అంగూఠా పట్టిండ్రు గని నిజం చెప్తనంటే పట్టలే.

అంజన్ తల్లి వచ్చి పిల్లను సైదాబాద్ తీస్కపోయింది. “బిడ్డను సంపుకున్న చేతులల్ల నా మనుమరాలిని పెట్టను” అని గల్లీ నడుమ నిలవడి అన్నది. ఒక్కలు అడ్డం మాట్లాడలే. మేమంతా తలో కందిలి పెట్టినోళ్లమే, తలో దోసెడు మన్ను పోసినోళ్లమే. అయినా తప్పు ఆమెదే అంటే అందరికి పానం సల్లగుండె. నాకైతే మరీను. పిల్లలు సుత ఆమె పోతుంటే “సాబొచ్చిండు, సాబొచ్చిండు” అని ఒర్రెటోళ్లు. ఆమె ఒక్కర్ని ఒక్క మాట అనేది గాదు. మనుమరాలిని చూడనీకి సైదాబాద్ పోతే వాకిట్లకెళ్లే మర్లగొట్టిండ్రు. మూడుసార్లు పోయి మానుకున్నది. మరుసటేడు బీరయ్య పోయిండు. బర్రెలను అమ్ముకున్నది.

నాలుగేండ్లకు జరమొచ్చి ఆమె గూడ మంచం పట్టింది. గంజి పోసేది నేనే. ఎందుకు పోసేదో నన్నడగొద్దు. ఒకనాడు పగటీలి నా చెయ్యి పట్టుకొని అడిగింది.

“చెల్లె, ఒక్కటి చెప్పు. ఆ నాడు ఎవ్వలింట్లనన్న ఇంత నూనె ఉండెనా? ఒక్కొక్కసారి అనిపిస్తది, ఇంకో నాలుగిండ్లు తిరిగితే దొరుకుతుండెనేమో, నేనే జల్ది మర్లిపోయిన్నేమో అని.”

నోటి దాంక వచ్చింది. ఆమె కండ్లల్లకు చూసిన. చెప్తే నాలుగేండ్లు మోసిన బరువు దించుకొని పోతుండె. చెప్పలే.

“ఏడ లేకుండె అక్కా. మొత్తం నువ్వే కాలవెట్టిచ్చినవ్.”

తలకాయ ఊపింది. నా చెయ్యి ఇడువలే.

“నువ్వొక్కదానివి ముందటి సంది నిజమే చెప్తవ్,” అన్నది.