దేవప్రసాద్ సారు క్రిస్మస్ పరదాలు

నాంపల్లి చరిత్ర రాయబూనిన వాళ్ళంతా రైలు స్టేషనుతో మొదలుపెడతారు. అది శుద్ధ పొరపాటు. 1962 డిసెంబరు ఇరవయ్యో తేదీన దేవప్రసాద్ సారు తన ఇంటి నాలుగు కిటికీలకు స్వహస్తాలతో పరదాలు కట్టిన ఘట్టంతో మొదలుపెట్టాలి. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేయించి కొత్త పరదాలు కట్టడం ఆ వీధిలోని క్రైస్తవ కుటుంబాలన్నిటికీ ఆనవాయితీయే. అందులో విశేషం లేదు. ఆబిడ్స్‌లో దొరికే బట్టలన్నిటిలోకీ అతి వికారమైన రంగు ఏదో, గురి తప్పకుండా దాన్నే ఎంచుకోగల శక్తి సారుకు ఉండటమే విశేషం. ఆ శక్తి ఏడాదికొకసారి, డిసెంబరు రెండో వారంలో ఆయన మీదికి దిగేది.

రంగులు తెలియని మనిషైతే క్షమించి ఊరుకోవచ్చు. కాని సారు బడిలో పిల్లలకు డ్రాయింగు నేర్పేవాడు. మామిడికాయ పచ్చిగా ఉన్నప్పటినుంచి పండేదాకా ఎన్ని రంగులు మారుతుందో నల్లబల్ల మీద వేసి చూపించేవాడు. అలాంటివాడు ఇంటికి మాత్రం తుప్పు రంగులు తెచ్చేవాడు. ఆయన భార్య బెత్సీకి మింగుడు పడనిది ఇదే.

మొదటి ఏడు బురద రంగు వచ్చింది. రెండో ఏడు బూడిద మీద వంకాయ చారలు వచ్చాయి. అవి కట్టిన మర్నాడు పాలవాడు గడప దగ్గరే ఆగిపోయి, "అమ్మా, ఇంట్ల ఎవలికి బాగలేదు?" అని గొంతు తగ్గించి అడిగాడు. మూడో ఏడు ఇంజను బొగ్గు రంగు. ఆ పండుగకు సికింద్రాబాద్ నుంచి వచ్చిన బెత్సీ అక్క డోరా, గుమ్మంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే బెత్సీ! ఎవరన్న పోయిన్రా? ఒక్క కార్డు ముక్కన్న రాయకపోతివి."

"ఎవరు పోలే అక్కా. గవి పండుగ పరదాలు."

డోరా ఇంట్లో గులాబీ రంగు పరదాలు, వాటి వెనక తెల్లటి జాలీ పరదాలు. ఆమె ఆ పూట వాటి ప్రస్తావన తేలేదు. తేకుండానే నాలుగు గంటలు కూర్చుంది.

"గీ రంగుల ఏం కనవడ్డది మీకు?" అని బెత్సీ ఏటేటా అడిగేది.

"లోతుంది బెత్సీ. జర దూరం నుంచి చూడు."

"ఔ, బావికి గూడ లోతుంటది. పోయి దుంకుమంటరా?"

ఈ సంభాషణ ఇంతకు మించి ముందుకు సాగేది కాదు. ఎందుకంటే ఆ సరికి సారు స్టూలెక్కి, స్ప్రింగు తీగ బిగించడానికి మేకులు పెదాల మధ్య పెట్టుకునేవాడు. నాలుగు కిటికీలకు ఎనిమిది మేకులు చాలు. ఆయన డజను పెట్టుకునేవాడు. నోట్లో మేకులున్నంత సేపు ఏ భర్తా జవాబు చెప్పనక్కర్లేదు. బెత్సీ తిట్లు అయిపోయేదాకా ఒక్క మేకూ గోడలోకి దిగేది కాదు.

1967లో మాత్రం బెత్సీ గట్టిగా నిలబడింది. ఆ ఏడు చర్చి స్త్రీల సమాజం వారి క్రిస్మస్ కూడిక వాళ్ళింట్లో. ఆమె సమాజంలో చేరిన తొమ్మిదేళ్ళకు వచ్చిన వంతు. ముప్పై మంది ఆడవాళ్ళు, అరవై కళ్ళు, వాటిలో రెండు డోరావి.

"ఈసారి పరదాల బట్ట నేను తెస్త," అంది.

"తప్పకుండ," అన్నాడు సారు. మర్నాడు సాయంత్రం సంచీతో వచ్చాడు. సంచీలో, కాల్చిన ఇటుక మీద వాన పడి ఆరినట్టుండే ఒక గోధుమ రంగు.

బెత్సీ తిట్టలేదు. సంచీ మీద అచ్చువేసిన చిరునామా చదువుకుంది. మర్నాడు సారు బడికి పోగానే ఆ సంచీ పట్టుకొని, ఆబిడ్స్ వెనక సందులో ఉన్న దుకాణానికి నడిచింది. ఆరేళ్ళలో సారు ఆమెను ఒక్కసారీ అక్కడికి తీసుకుపోలేదు.

అరలు చూడగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. బురద, బూడిద, వంకాయ చారలు, ఇంజను బొగ్గు. తన ఇంటి ఆరేళ్ళ అవమానం తానులు తానులుగా పేర్చి ఉంది. నడుమ ఒక ముసలాయన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. దుకాణం ఆయనదే, పేరు రామచందర్.

"ఏం గావాలె చెల్లె?"

"ఇది వాపసు ఇద్దామని వచ్చిన. మా ఆయన డ్రాయింగు సారు. నిన్న కొంటపోయిండు."

"ఓ, సారింటామెవా! కూసో, కూసో." గుడ్డను అందుకొని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. "మాల్ అవ్వల్ నంబర్, మేలిమి సరుకు. వాపసెందుకు? గింత మంచి ఆకుపచ్చ మల్ల దొరకది."

బెత్సీ గుడ్డను చూసింది. ఆయన కళ్ళను చూసింది. అవి ఆమె భుజం పక్కనున్న గోడతో మాట్లాడుతున్నాయి.

"టోకువాళ్ళు మంచోళ్ళు చెల్లె," అన్నాడు ఆయన. "నేను పోంగనే, రామచందర్‌కు ఆకుపచ్చ కట్టుండ్రి, నీలం కట్టుండ్రి అని వాళ్ళే ఏరి పెడ్తరు. నేను తడిమి చూసుకునుడే."

ఎవరూ కొనని రంగులు ఏరి ఎవరికి కడుతున్నారో ఆమెకు అర్థమైంది. ముసలాయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"నీకొక ముచ్చట జెప్త. ఆరేండ్ల కింద దవాఖానల ఏమన్నరో ఎర్కేనా? కంటి నరం ఎండుతున్నదట. మందు లేదట. మా కొడుకు జనార్దన్‌కు చెప్పలే. చెప్తే దుకాణం మూసి నన్ను ఇంట్ల ఓ మూలకు కూసోవెడ్తడు. మీ సారునొక్కన్నే అడిగిన. సారూ, గిది ఆకుపచ్చనే గదా అని. 'ఔ, ఫస్టు క్లాసు ఆకుపచ్చ' అన్నడు. రంగుల సదువు సదివినాయన మాట నిజమా, దవాఖానోళ్ళ మాట నిజమా? గప్పటిసంది ఏటేటా అడుగుత. అడిగినప్పుడల్ల నాలుగు కిటికీల బట్ట కొంటపోతడు."

బెత్సీకి ముందు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. దానం చేసేవాళ్ళు సొంత సొత్తు దానం చేస్తారు. ఈయన ఆరేళ్ళుగా భార్య పరువు గజాల లెక్కన దానం చేస్తున్నాడు. అదీ ఆమెకు చెప్పకుండా.

"మొన్న ఒకామె గిదే తాను చూసి గోధుమ రంగు అనిపోయింది," అన్నాడు రామచందర్. గుడ్డ నలుపుతున్న వేళ్ళు ఆగాయి. "దిల్ ధడేల్మన్నది. నువ్వు జెప్పు చెల్లె. గిది ఆకుపచ్చ గాదా?"

"ఔ అన్నా," అంది బెత్సీ. "ఆకుపచ్చనే."

"మరి వాపసెందుకు?"

"వాపసు గాదు. తక్కువైంది. గదే తానుల ఇంకో రెండు గజాలియ్యి."

సాయంత్రం సారు ఇంటికొచ్చేసరికి బట్ట కుట్టుమిషను మీద ఉంది, పక్కన అదే రంగులో ఇంకో ముక్క ఉంది.

"రామచందర్ దగ్గరికి పోయినవా?" నోట్లో మేకులు లేనందుకు ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు.

"పోయిన. నాకు జెప్తే మీ సొమ్మేం వోయేది?"

"నీకు చెప్తే డోరాకు చెప్తవు. డోరాకు చెప్తే పొద్దుగూకేలోపు జనార్దన్ చెవిల పడ్తది."

బెత్సీ బట్టను ఆయన ముందుకు జరిపింది. "కుట్టుండ్రి మరి," అంది. "ఈసారన్న అంచు వంకర వోకుండ కుట్టుండ్రి. రెండు గజాలు ఎక్కువ తెచ్చిన. ముందు తలుపుకు గూడ కడ్దాం."

కూడిక రోజు ముప్పై మందీ వచ్చారు. ప్రార్థన అయింది, పాటలయ్యాయి, టీ, నూనెలో వేయించిన గులాబీపూలు, కజ్జికాయలు అయ్యాయి. అరవై కళ్ళూ అయిదు పరదాల మీదే ఉన్నాయి. చివరికి డోరా కప్పు కింద పెట్టింది.

"ఏందే, ఈసారి బట్ట నేను తెస్త అంటివి. మల్ల మరిదే తెచ్చిండా?"

వంటింటి గుమ్మంలో సారు పళ్ళెం పట్టుకొని బిగుసుకుపోయాడు.

"లేదక్కా," అంది బెత్సీ. "నేనే పోయి తెచ్చిన. నాకు నచ్చింది."

ముప్పై మంది ఆడవాళ్ళు ఒకేసారి చల్లారిన టీ తాగారు. సత్యం కోసం ప్రాణాలిచ్చిన భక్తుల గురించి ఆదివారం ఆదివారం ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఒక అబద్ధం కోసం తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన పూటను ఇచ్చేసినవాళ్ళకు ఏ ప్రసంగంలోనూ చోటు లేదు. నాంపల్లిలో అలాంటి మనిషి ఒకామె, పేరు బెత్సీ, ఆ సాయంత్రం తల ఎత్తుకొని రెండోసారి కజ్జికాయలు వడ్డించింది.

జనవరిలో పరదాలు ఉతికారు. రంగు దిగి, వాటితో కలిపి నానేసిన సారు తెల్ల చొక్కాలు మూడు పాడయ్యాయి.