మట్టయ్య చెవులు, జోగారావు హెడ్‌ఫోన్లు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మైక్‌సెట్ అంటే మట్టయ్యదే. పెళ్ళి ఊరేగింపైనా, వినాయకుడి మంటపమైనా, ఎన్నికల ఆటో అయినా ముందు ఆయన దగ్గరికి వచ్చి, ఆయనకు తీరిక లేదంటేనే ఇంకో దుకాణానికి పోయేవారు. నల్లగొండ జిల్లా నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చి, రేడియో రిపేరు నేర్చుకుని, కొత్తపేట సందులో దుకాణం పెట్టాడు. చెడిపోయిన యాంప్లిఫయర్ తెస్తే మూత తీసేవాడు కాదు. పెట్టెకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఫలానాచోట జబ్బుందని చెప్పేవాడు. మీటరు పెట్టి చూసే మెకానిక్కులంటే ఆయనకు చిన్నచూపు. కొంచెం పొగరే, కాకపోతే పనిచేసే పొగరు కాబట్టి జనం ఓర్చుకున్నారు.

రెండువేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. మొదటిరోజే మట్టయ్య తన మైక్‌సెట్‌ను ఆటోలో వేసుకుని వెళ్ళి, ఎవరూ అడగకముందే హారన్ స్పీకర్లు కట్టేశాడు. తనకు ఉపన్యాసం రాదు, పాట రాదు, లాఠీ ముందు నిలబడే వయసు కాదు. ఉద్యమంలో తన వంతు ఏదైనా ఉంటే అది ఈ మైకేనని ఆయన లెక్క. శిబిరంలో ఎవరి గొంతు మోగినా తనదే మోగినట్టు పొంగిపోయేవాడు.

ఆ మైకే ఆయన పరువు తీయడం మొదలుపెట్టింది. మనిషి నోరు తెరిచేసరికి కుయ్యిమని కూసేది. కూయనప్పుడు మాటలు గాజుపెంకుల్లా గుచ్చుకునేవి. ముందు వరసలో కూచున్న ఆడవాళ్ళు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకునేవారు. మట్టయ్య మూడు మైకులు మార్చాడు, వైర్లు మార్చాడు, హారన్ల మొహాలు తిప్పాడు. చివరికి శిబిరం బాధ్యత చూసే జగన్ పక్కకు పిలిచి, పెద్దవాడన్న గౌరవం తగ్గకుండానే తేల్చి చెప్పాడు.

“మట్టయ్యన్నా, వచ్చే ఐతారం పెద్ద సభ ఉన్నది. బుధవారం దాక చూస్త. అప్పటికి గూడ గిట్లనే కూస్తే ఏరే సెట్టు తెప్పిస్త. ఏమనుకోకు.”

మట్టయ్య ఏమీ అనుకోనన్నాడు. ఇంటికి వెళ్ళి అన్నం మాత్రం తినలేదు.

మర్నాడు పొద్దున జోగారావు ఫోను చేశాడు. ఆయన చైతన్యపురిలో ఉంటాడు, సొంతూరు భీమవరం దగ్గర. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు పరీక్షించే విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్ళు గుడి మీదికో, పార్కు మీదికో, లేకపోతే భార్య వంట మీదికో పోతారు. ఈయన హెడ్‌ఫోన్ల మీదికి పోయాడు. రెండేళ్ళ కింద పాత రేడియో వాల్వుల కోసం వెతుక్కుంటూ కొత్తపేట సందులోకి వచ్చి మట్టయ్యకు దొరికాడు, లేదా మట్టయ్యే ఆయనకు దొరికాడు. ఇద్దరూ కలిసి ఒక వాల్వు యాంప్లిఫయర్ కట్టారు. ఆ పని మీద మొదలైన స్నేహం, బయట ఆంధ్రా తెలంగాణ అని ఎంత గొడవ జరుగుతున్నా, ఎందుకో వీళ్ళిద్దరి మధ్యకు రావడం మర్చిపోయింది.

ఇప్పుడు జోగారావు దగ్గర రెండు ప్లానార్ హెడ్‌ఫోన్లు ఉన్నాయి. చెక్క గిన్నెలది ఆయన సొంతం. నల్లటిది బెంగుళూరులోని శ్రీకర్ అనే కుర్రాడిది. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒకరి సరుకు ఒకరికి కొరియర్‌లో పంపుకుని వింటారట. పదిరోజుల్లో తిప్పి పంపాల్సిన నల్లది, సమ్మెతో కొరియర్లు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుంది. ఏది మేలో, దేనికి ఏ యాంప్లిఫయర్ నప్పుతుందో తేల్చడానికి ఇంతకంటే మంచి అదను రాదని జోగారావు ఉబలాటం.

మట్టయ్యకు తన తలనొప్పే చాలు. అయినా వెళ్ళాడు. కొత్త వస్తువు విప్పి చూడొచ్చంటే ఆయన ఆగలేడు.

మామూలు హెడ్‌ఫోనులో చిన్న స్పీకరు ఉంటుంది, కాగితపు గిన్నె ముందుకూ వెనక్కూ కదులుతుంది. వీటిలో అది లేదు. అగరొత్తుల పొట్లం మీది కాగితం కన్నా పలచని పొర ఒకటి చట్రానికి బిగించి ఉంది. దాని మీద సన్నటి లోహపు గీతలు, అటూ ఇటూ వరసగా అయస్కాంతాలు. కరెంటు పారితే పొరంతా ఒక్కసారే వణుకుతుంది. మట్టయ్య దీపం ముందు పెట్టి గంటసేపు చూశాడు. దీన్ని కనిపెట్టినవాడి చేతులు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలన్నాడు.

మొదట చెక్కదే మేలన్నాడు. ఎందుకంటే అది గట్టిగా మోగింది. జోగారావు నవ్వి, మైక్‌సెట్ వాళ్ళంతా చేసే తప్పు ఇదేనన్నాడు. గట్టిగా మోగిందల్లా మంచిదనిపించడం మనిషి చెవికున్న బలహీనత. ముందు రెండింటి చప్పుడూ సమానం చేయాలి, ఆ తర్వాతే పోల్చాలి. ఆ మాట మట్టయ్యకు నచ్చింది. దుకాణానికి వెళ్ళి పాత హవాయి చెప్పు తెచ్చి, మడమ దగ్గర బెజ్జం పెట్టి, అందులో చిన్న మైకు దూర్చి, హెడ్‌ఫోను గిన్నెకు ఆనించాడు. మీటరు ముల్లు రెండింటికీ ఒకేచోట నిలిచేదాకా నాబ్ తిప్పి, ఆ రెండు చోట్లా గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాడు. గోళ్ళరంగు జోగారావు భార్య హనుమాయమ్మది. చెప్పు ఎవరిదో ఆవిడ అడగలేదు, కానీ దాన్ని హాల్లోంచి వరండాలోకి మార్పించింది.

వినడానికి మట్టయ్య తన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో శిబిరంలో సంధ్యారాణి పాడిన పాట ఉంది. ఆమె సమ్మెలో ఉన్న టీచరు. చిన్న రికార్డరు ముందు పెట్టి మట్టయ్యే స్వయంగా రికార్డు చేసుకున్నాడు.

జోగారావు చెక్కది పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే, ఆవిడ చేతికి గజ్జెలు కట్టుకుందా అని అడిగాడు. లేదే, ఒట్టి డప్పే కదా అన్నాడు మట్టయ్య. తను పెట్టుకుని విన్నాడు. గొంతు ఉంది, డప్పు ఉంది. గజ్జెలు లేవు. నల్లది పెట్టుకున్నాడు. చాలా దూరంలో, ఎవరో గల్లీ చివర నడుస్తున్నట్టు, గజ్జెలు.

మట్టయ్య పాటను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. తను రికార్డు చేసిన పాటలో తనకు తెలియని చప్పుడు. నల్లదే గెలిచిందని, చెక్కది గొంగడి కప్పుకుని పాడుతున్నట్టుందని తీర్పు చెప్పేశాడు. జోగారావు ఒప్పుకోలేదు. నల్లది సూదులతో పొడుస్తోందని, అయిదు నిమిషాలకు మించి వినలేనని ఆయన మాట.

ఇద్దరూ మొండివాళ్ళే. కానీ ఇద్దరికీ గెలవడం కంటే కారణం తెలుసుకోవాలన్న దురదే ఎక్కువ. ఒకే పాట, ఒకే చప్పుడు, రెండు తీర్పులెందుకు?

తప్పు యాంప్లిఫయర్‌దన్నాడు మట్టయ్య. జోగారావు వాడే కంపెనీ యాంప్లిఫయర్ అగ్గిపెట్టెకు అన్నలా ఉంటుంది. ఆ నల్లదానికి ఆకలి ఎక్కువ, ఈ పిడికెడు కరెంటు దానికి చాలక పీలగా అరుస్తోందని వాదన. సరేనని వాల్వుది పెట్టారు. గొంతుకు కొంచెం నెయ్యి పట్టింది, అంతే. మర్నాడు మట్టయ్య దుకాణంలోంచి పెద్ద స్పీకర్లు నడిపే యాంప్లిఫయర్‌ను మోసుకొచ్చాడు. పలచని పొర కాలిపోకుండా మధ్యలో రెసిస్టర్లు వేసి, స్పీకరు వైర్లు కట్టే చోటనే నల్లదాన్ని కట్టాడు. కరెంటు పోయి గంటన్నర తర్వాత వచ్చింది. అప్పటిదాకా ఇద్దరూ వరండాలో హనుమాయమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూచున్నారు.

ఈసారి నల్లది మారిపోయింది. డప్పు ఛాతీకి తగిలింది. కడుపునిండా తిన్న మనిషిలా నిదానంగా, బలంగా మోగింది. జోగారావు కుర్చీలో ముందుకు జరిగి, దీనికి జోడీ ఇదేనయ్యా అన్నాడు. చెక్కదానికి వాల్వుది, నల్లదానికి ఈ పెద్దది. అక్కడిదాకా తేలిపోయింది.

“కానీ మట్టయ్యా, పైన సూదులు మాత్రం అలాగే ఉన్నాయి,” అన్నాడాయన.

“నాకు ఒక్క సూది గూడ గుచ్చుతలేదు సార్,” అన్నాడు మట్టయ్య.

యాంప్లిఫయర్లు మూడు మార్చారు. హెడ్‌ఫోన్లు రెండూ చూశారు. పాట అదే. ఇక మార్చకుండా మిగిలిపోయినవి ఏవో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఒకరి చెవుల వైపు ఒకరు చూసుకున్నారు.

జోగారావు లోపలికి వెళ్ళి, ఎక్స్ఛేంజి రోజుల నాటి పరీక్ష మిషను తెచ్చాడు. ఒక్కటే స్వరం, సన్నగా మొదలై ఇంకా ఇంకా సన్నబడుతూ పైకి పోతుంది. వైరు చీల్చి మట్టయ్య నల్లది, జోగారావు చెక్కది పెట్టుకున్నారు. వినపడుతున్నంతసేపూ చూపుడువేలు ఎత్తి ఉంచాలి, వినపడడం ఆగగానే దించాలి.

మట్టయ్య వేలు ఎత్తాడు. స్వరం పైకి పోయింది, ఇంకా పోయింది, ఆగిపోయింది. వేలు దించాడు. మిషను ఆపేశాడేమోనని జోగారావు వైపు చూశాడు. ఆయన వేలు ఇంకా పైనే ఉంది. మట్టయ్య చూస్తూనే ఉన్నాడు. తనకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు, తెల్లజుట్టు మనిషి, వేలెత్తుకుని అలాగే కూచున్నాడు. ఆ వేలు దిగడానికి పట్టిన సమయంలో మట్టయ్యకు తన ముప్ఫై ఏళ్ళూ అర్థమయ్యాయి. ప్రతి ఊరేగింపులో, ప్రతి మంటపంలో, సెట్టు బాగుందో లేదో చూసుకోవడానికి హారను మూతి పక్కనే నిలబడిన ముప్ఫై ఏళ్ళు.

లేచి దుకాణానికి వెళ్ళాడు. మైక్‌సెట్ యాంప్లిఫయర్ మీద, మాటకు పదును పెట్టే ట్రెబుల్ నాబ్ దగ్గర, అది కొన్న ఏడాది తనే గీసిన తెల్లరంగు గీత ఉంది. ఇంతకు మించి తిప్పొద్దని గుర్తు. నాబ్ ఇప్పుడు ఆ గీత దాటి, కుడివైపు దాదాపు చివరిదాకా ఉంది. ఎవరూ తిప్పలేదు. తనే, ఏటా కొంచెం, మాట మసకగా ఉందనిపించినప్పుడల్లా కొంచెం తిప్పుకుంటూ పోయాడు. మూడు మైకులను తిట్టి పారేశాడు పాపం, కూసింది ఆ పదునే, వాటి తప్పేమీ లేదు.

ఇంట్లో అండాలమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు.

“నాకు నాలుగేండ్ల సంది ఎరుకే. నువ్వు పెట్టే టీవీకి పక్కింటోళ్ళు వార్తలు ఇంటున్నరు. చెప్తే నీకు కోపమొస్తదని ఊకున్న,” అంది.

ఆ రాత్రి మట్టయ్య ఏడ్చాడు. చెవి ఉన్న మనిషినని చెప్పుకుని బతికినవాడికి అది చిన్న నష్టం కాదు.

బుధవారం శిబిరంలో నాబ్‌ను తెల్లగీత దగ్గరికి తిప్పేశాడు. మైకు కూయలేదు. జగన్ తృప్తిపడి, ఆదివారం సభ నీదేనన్నా అన్నాడు. మట్టయ్యకే తృప్తి లేదు. పెద్ద మైదానం, ఎనిమిది హారన్లు, గంటకో గొంతు. ఒక్కో గొంతుకు ఒక్కో తీరుగా నాబ్ తిప్పాలి. గీత చూసి తిప్పితే సరిపోదు, చెవి కావాలి. చైతన్యపురి వెళ్ళి జోగారావు ఎదురుగా నిలబడ్డాడు.

“నా చెవులు పోయినయ్ సార్. ఐతారం నాడు జర మీ చెవులు గావాలె.”

హనుమాయమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆ సభలో ఎవర్ని తిడతారో మీకు తెలియదా అంది భర్తతో. జోగారావు కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. హారన్లు ఎనిమిదీ ఒకే యాంప్లిఫయర్ మీదా, రెండింటి మీదా అని మట్టయ్యను అడిగాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం సభ నిండిపోయింది. వేదిక వెనక, టార్పాలిన్ నీడలో, యాంప్లిఫయర్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో జోగారావు కూచున్నాడు. సమ్మె, స్వరాష్ట్రం, సాధన. ఆ సభలో ‘స’ లేని మాట లేదు, ప్రతి ‘స’కూ బుస్సుమనే గుణం ఉంది. వక్త ఒకాయన ఆంధ్రా పాలకుల మీద విరుచుకుపడ్డాడు. జోగారావు తల కొంచెం పక్కకు వంచి విని, నాబ్ వెంట్రుకవాసి ఎడమకు తిప్పాడు. తిట్టు ఇంకా శుభ్రంగా వినపడింది. జనం చప్పట్లు కొట్టారు.

జగన్ వెనక్కి వచ్చి ఈయనెవరని అడిగాడు. మా సెట్టు చూసే సార్ అన్నాడు మట్టయ్య. జోగారావు నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుంది కాబట్టి చేతులు జోడించి ఊరుకున్నాడు. జగన్ ఆయన కోసం నీళ్ళ సీసా పంపించాడు.

చివర్న సంధ్యారాణి పాడింది. మట్టయ్య అప్పుడే చూశాడు, ఆమె కుడిచేతికి నల్లదారంతో కట్టిన చిన్న గజ్జెలున్నాయి. అన్ని రోజులూ ఉండి ఉంటాయి. చేయి ఊగుతోంది, ఎనిమిది హారన్లూ మోగుతున్నాయి, ఆయనకు డప్పూ గొంతూ తప్ప ఏమీ అందడం లేదు. జోగారావు వైపు తిరిగాడు.

జోగారావు చూపుడువేలు ఎత్తాడు. పాట అయిపోయేదాకా దించలేదు.