కొండ కదిలిందా, పర్తోనో ఆవు గోక్కుందా

అగ్నికొండ పొంగే ముందు తన మనుషులకు కబురు పెడుతుందని వతుసారి ఊరి పెద్దలు ఇప్పటికీ నమ్ముతారు. కబురు పెట్టేది మాత్రం పర్తోనో గడ్డి బీడులో పాతిన కంపనాల పెట్టె. కొండ కడుపులో రాయి పగిలినా అది పసిగట్టి రేడియోలో కూత పెడుతుంది. కూత సన్నగా సాగితే నిద్రపోవచ్చు. గొంతు పెంచి వణికితే పరుగెత్తాలి. అందుకే జావాలో ఆ వాలు మీద ప్రతి వంటింట్లోనూ చేతి రేడియో మోగుతూనే ఉంటుంది.

పర్తోనోది జీతం లేని కాపలా. కంచె లోపల ఎవరూ కోయని గడ్డిని అతని ఆవు జీతం కింద జమకట్టుకుంది. మేసి, పెట్టె పక్కనున్న ఇనుప స్తంభానికి వీపు గోక్కుంది. పెట్టె అది కొండే అనుకుని రేడియోలో వణికింది. ఊరంతా చాపలు చుట్టుకుని ఇసుక లారీలెక్కింది. మగవాళ్లు ఇళ్ల దగ్గర వదిలేసిన పశువుల కోసం దారిలోనే దూకి వెనక్కెళ్లారు. రెండోసారీ ఇదే తంతు. మూడోసారి ఆవు దొరికిపోయింది. పర్తోనో దాన్ని పెరట్లో కట్టేసినా ఆ పేరు మాత్రం పోలేదు. రేడియో కాస్త దగ్గితే చాలు, "పాక్ పర్తోనో ఆవుకి దురదెక్కింది" అంటూ, పేరు ముందు 'పాక్' అని గౌరవం తగిలించి మరీ, జనం సోయా టెంపే ముక్కలు వేయించుకుంటూ కూర్చునేవారు.

ఒక మధ్యాహ్నం కూత వణికింది. ఆగలేదు. పర్తోనో పెరట్లోకి చూశాడు. ఆవు తాపీగా నెమరేస్తోంది. పలుపు పట్టుకుని ఆవుతో సహా ఊరి మైదానానికి పరుగెత్తాడు.

"ఇదిగో నా ఆవు! ఇప్పుడు రేడియో వినండి! ఇది కొండే!"

ఊరిపెద్ద సుహర్జో కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇది నీ ఆవేనని నమ్మకమేంటయ్యా?"

"మా ఆవిడ్ని అడగండి!"

"దీనికో దూడుందిగా?" అంది ఎదురింటి సుకినెం.

పర్తోనో దూడనీ లాక్కొచ్చాడు. కూత ఆగలేదు.

"అయితే పెద్దాయన ఎద్దు అయ్యుంటుంది," అంది సుకినెం.

"నోర్ముయ్! నా ఎద్దు మర్యాదస్తులింట పుట్టింది. ఊరి సొత్తుకి గోక్కోదు!"

"తెచ్చి చూపించండి మరి!" అని అరిచాడు పర్తోనో.

పౌరుషాలు లేచాయి. తమ పశువు నిర్దోషి అని నిరూపించుకోడానికి ఊరు ఊరంతా కొట్టాలు విప్పింది. మైదానం నిండిపోయింది. ఒక్కటీ గోక్కోవడం లేదు. రేడియో గొంతు చించుకుంటోంది.

సుహర్జో లారీల వైపు పరుగెత్తాడు. "లారీలు! ముందు లారీలు తియ్యండి!"

ఈసారి దారిలో ఎవరూ దూకలేదు. పశువులన్నీ లారీల్లో పక్కనే ఉన్నాయి, ఇక పైన దేనికోసం వెళ్తారు? లారీలు వంతెన దాటిన కాసేపటికి కొండ బద్దలైంది. బూడిద రాలుతుంటే సుకినెం మొహం మీంచి ఆవు తోక తోసేసింది.

"ఏం పాక్, ఇదీ నీ ఆవు పనేగా?"

"చాల్లే, కాస్త జరుగు," అన్నాడు పర్తోనో. "దానికి ఊపిరాడట్లేదు."