సీటు దొరకని ఏడాది... మూడిళ్ళ బడి

మా చిన్నప్పుడు, దోహాలో... పొద్దున్నే బడి బస్సులు ఒకదాని వెనక ఒకటి మా బిల్డింగు ముందు ఆగేవి. నేను పైనుంచి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూసేదాన్ని. బ్యాగులు, నీళ్ళ సీసాలు, టాటా చెప్పే తల్లులు... కాసేపటికి వీధి ఖాళీ అయ్యేది. నాకోసం ఆగే బస్సు మాత్రం ఒక్కటీ లేదు.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వస్తోందని ఊరంతా తవ్వుతున్న రోజులవి. మేముండే ఉమ్ ఘువైలినాలో ఎంత తుడిచినా కిటికీల మీద దుమ్ము పోయేది కాదు. నాన్న క్రేన్ ఆపరేటర్. జీతం పెరిగిందని జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా మావాళ్ళకు దుబాయే... "దుబాయ్ పోతున్నరు" అని ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. మాలాగే ఎన్నో కుటుంబాలు వచ్చాయి... బడుల్లో సీట్లు మాత్రం అంతగా పెరగలేదు. ఎక్కడికి వెళ్ళినా "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు.

మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు, అదీ ఊళ్ళో ఉన్నప్పుడు. నాన్నకు సంతకం వచ్చు, అమ్మకు అదీ రాదు. అందుకేనేమో, ఒకరోజు అన్నం తింటూ నాన్న తేల్చి చెప్పేశాడు.

"వచ్చే యేడు గూడ సీటు రాకుంటే మీరిద్దరు ఇంటికి పోండ్రి. నేను లేబర్ క్యాంపుల ఉంట. పిల్ల సదువు పాడుగావద్దు."

అమ్మ కంచంలో అన్నం కలుపుతూనే ఉండిపోయింది...

సాయంత్రం కింద పార్కింగులో పిల్లలు ఆడుకునేవాళ్ళు. నేను వెళ్తే నా నల్లరంగు చూసి "ఏ కాలీ, నువ్వొద్దు" అనేవాళ్ళు. నాలాగే గోడ దగ్గర నిలబడే పిల్ల ఇంకొకతి ఉండేది. పేరు హిబా. సూడాన్ వాళ్ళు, మా పై అంతస్తు. నాకంటే నలుపు, నాకంటే పొడుగు. తనకూ బడి లేదు. తన మాట నాకు, నా మాట తనకు తెలీదు. అయినా ఒకే గోడకు ఆనుకుని ఇద్దరం నిలబడేవాళ్ళం.

ఇదంతా ఎదురింటి షాహీన్ ఆంటీ చూసింది. కరీంనగర్ ఆమె. వాళ్ళ ఇమ్రాన్ కూడా సీటు లేక ఇంట్లోనే ఉన్నాడు. ఒకరోజు అమ్మ దగ్గరికొచ్చి, "అక్కా, బడోళ్ళు పిలిచేదాక గిట్లనే కూసుంటమా? మనమే చెప్పుకుందాం. యల్లా, పదా, రేపట్నించే!" అంది.

హిబా వాళ్ళమ్మ ఆమ్నా ఆంటీ వాళ్ళ దేశంలో టీచరు. ఇంగ్లీషు ఆమె చెప్పేట్టు, లెక్కలు, సైన్సు షాహీన్ ఆంటీ చెప్పేట్టు. ఒక్కోరోజు ఒక్కో ఇల్లు. బుధవారం మా ఇంటి వంతు.

అమ్మకు భయం పట్టుకుంది. "నాకేమొస్తదని మా ఇంటికి పంపుతున్నవ్ షాహీనూ? సర్వపిండి చేసి పెడ్త, అంతే."

"పిండి ఎట్లయిన తింటరు. వాళ్ళు నేర్చుకున్నది నీకు చెప్పాలె. నీకు సమజైతేనే వాళ్ళకు వచ్చినట్టు. గదే క్లాసు."

"నన్ను జూసి నవ్వుతరేమో..."

"నవ్వితే నవ్వనీ. ఇంకోసారి అడుగు."

అమ్మ నిజంగానే అడిగింది. చాప పరిచి, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అర్థమయ్యేదాకా వదిలేది కాదు. భూమి తిరుగుతోందని ఇమ్రాన్ చెబితే, "మరి నా చాయ్ ఒలుకుతలేదేందిరా?" అంది.

"పుస్తకంల గట్లనే ఉంది ఆంటీ..."

"పుస్తకంల ఉన్నది నేను సదవలేను గదా బిడ్డా. నువ్వే చెప్పాలె."

వాడు నోరు తెరిచి నా వంక చూశాడు. నేను హిబా వంక చూశాను. హిబా ఉల్లిగడ్డ ఒకటి, నారింజ ఒకటి పట్టుకుని తిప్పుతూ ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టింది... నేను దాన్ని తెలుగులో అమ్మకు చెప్పబోయి తడబడ్డాను. అయినా చాయ్ సంగతి తేలలేదు. సాఫీగా పోయే బస్సులో మనతోపాటే చేతిలో గ్లాసూ పోతుంది కాబట్టి ఒలకదు, భూమీ అంతేనని మరునాడు షాహీన్ ఆంటీ చెప్పేదాకా మా ముగ్గురికీ తెలియలేదు. నాకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చిందంటే చెప్పలేను గానీ, అమ్మకు తెలుగులో చెప్పీ చెప్పీ వచ్చింది.

తర్వాతి ఏడు మన ఇండియా పిల్లల బడి ఒకదానిలో పరీక్ష పెట్టారు. నేనూ ఇమ్రానూ వెళ్ళాం. మేడం నా లెక్క చూసి, "ఎలా చేశావో చెప్పు" అంది. అమ్మకు చెప్పినట్టే నిదానంగా చెప్పాను. ఇద్దరికీ సీటొచ్చింది. ఆ సంగతి వినగానే నాన్న నన్ను ఎత్తుకున్నాడు. అప్పటికే నేను ఎత్తుకునే వయసు దాటాను... అయినా చాలాసేపు దించలేదు. ఇక ఇంటికి పోవక్కర్లేదు.

హిబాకు మాత్రం ఆ ఏడూ ఎక్కడా సీటు దొరకలేదు. వాళ్ళ నాన్నను దోహాలోనే ఉంచి ఆమ్నా ఆంటీ పిల్లను తీసుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళేవేళకు నేను బడిలో ఉన్నాను. సాయంత్రం మెట్లెక్కి చూస్తే తలుపుకు తాళం. "నీ కోసం చానా సేపు చూసింది బిడ్డా" అంది అమ్మ. కొన్నాళ్ళకు ఇమ్రాన్ వాళ్ళ నాన్నకు దూరంగా ఉన్న దుఖాన్ ఊరికి బదిలీ అయింది.

కొత్త బడిలో తరగతి నిండా పిల్లలే. నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు తెలుసుకోవడానికే చాలా రోజులు పట్టింది. ఇంట్లో అమ్మ బుధవారం వస్తే అలవాటుగా చాప పరిచి, కాసేపు చూసి, మళ్ళీ చుట్టేసేది...

స్టేడియాల పనులు అయిపోయాక మేమూ తిరిగొచ్చేశాం. ఆ వరల్డ్ కప్ ఆటలేవో మా ఊళ్ళో టీవీలో చూశాం. స్టేడియాలు మెరిసిపోతున్నాయి. నాన్న "ఇది నేను జేసిందే" అని ఒక్కోటీ చూపిస్తుంటే, అమ్మా నేనూ గోల్ కొట్టింది కూడా గమనించకుండా జనంలో తెలిసిన ముఖాలు వెతుక్కున్నాం.

ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. మేముండే అపార్ట్‌మెంట్లో ఒక పాప బడికి వెళ్ళదు, ఇంట్లోనే చదువుతుంది. పాఠాలకు యాప్‌లు ఉన్నాయి, వాళ్ళమ్మకు వేలమంది ఉన్న గ్రూపులున్నాయి. గోడ ఇవతలికి ఫోన్‌లో టీచరు గొంతు పొద్దంతా వినిపిస్తుంది... పాప గొంతు మాత్రం ఇప్పటిదాకా వినలేదు.

మీలో ఎవరైనా అట్లా బడి లేక, నలుగురి ఇళ్ళల్లో తిరిగి చదువుకున్నవాళ్ళు ఉన్నారా? ఉంటే ఒక్క మాట రాయండి... ఇన్నేళ్ళలో నాకు ఒక్కరూ తారసపడలేదు.