మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో పోస్టాఫీసు

మా యూనివర్సిటీ వాళ్లు ఉద్యోగుల మనశ్శాంతి కోసమని తార్నాకలో ఒక కౌన్సిలర్‌ను ఏర్పాటు చేశారు. ఎవరెవరు వెళ్లారో బయటికి తెలియదని సర్క్యులర్‌లో రాశారు. కానీ మా పరీక్షల విభాగంలో సీటు వదిలి కదలాలంటే ఎక్కడికో, ఎందుకో మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో రాయాలి. దాని మీద సూపరింటెండెంట్ సంతకం పెట్టాలి. ఆ రిజిస్టర్‌ను వచ్చేపోయే వాళ్లందరూ తిరగేస్తారు.

రెండు నెలలుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఫలితాలు ఆలస్యమైతే పిల్లలొచ్చి అరిచేది నా కౌంటర్ దగ్గరే. ఈ రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక "పోస్టాఫీసు" అని రాసి బయటపడ్డాను. అదృష్టం కొద్దీ సూపరింటెండెంట్ సీట్లో లేరు.

కౌన్సిలర్ గది బయట బెంచీ మీద ఆయనే కూర్చుని ఉన్నారు.

"ఏంది మేడం, గిట్ల వచ్చిన్రు?"

"పోస్టాఫీసు పనుండి సార్."

"నేను గూడ గదే పని మీద వచ్చిన," అన్నారు.

లోపలికి వెళ్లకుండానే ఇద్దరం ఒకే ఆటోలో తిరిగొచ్చాం. దారిలో ఎండ గురించి కూడా మాట్లాడుకోలేదు. ఆఫీసుకు రాగానే ఆయన నా పేరుకు ఎదురుగా సంతకం పెట్టారు.

ఇక మీదట కారణం అడగరేమోనని ఆశపడ్డాను. సాయంత్రం చూస్తే ఆయన స్కేలు పెట్టి రిజిస్టర్‌లో కొత్త పేజీకి గీతలు కొడుతున్నారు. "కారణం" గడిని తీసెయ్యలేదు సరికదా, ఈసారి ఇంకాస్త వెడల్పుగా గీశారు.

మీరు ఏమని రాసి బయటపడతారో కాస్త చెప్పండి. పోస్టాఫీసు ఇక నాకు పనికిరాదు.