పసుపు కుంకుమల కింద వచ్చిన మడి

మా మేనత్త పోయింది. యాసంగి నాట్లు ముగిసిన వారానికే, పొద్దున పొయ్యి ముందు చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిందట. బాన్సువాడలో నా ఎరువుల దుకాణం షట్టర్ ఎత్తుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అక్క పోయిందిరా" అన్నాడు. షట్టర్ దించి ఊరికి బయల్దేరాను.

కోటగిరి దగ్గర కాలువ కింద ఆమె సాగు చేసిన పొలాన్ని ఊరంతా 'అక్క మడి' అనేది. పెళ్లప్పుడు మా తాత దాన్ని ఆమెకు పసుపు కుంకుమల కింద ఇచ్చాడు. ఇచ్చాడంటే పెద్దమనుషుల ముందు నోటితో చెప్పాడు, అంతే. మీ వైపు ఎలాగో తెలియదు, మా వైపు ఆడబిడ్డ కాగితం అడిగితే పుట్టింటిని అనుమానించినట్టే. తాత పోయాక మిగతా పొలంతో పాటు ఆ మడి కూడా నాన్న పట్టా పాసుపుస్తకంలోకి ఎక్కింది. అది తప్పని ఎవరికీ తోచలేదు.

సర్కారు రైతులకు పెట్టుబడి సాయం వేయడం మొదలుపెట్టాక చిక్కు తెలిసొచ్చింది. ఆ పైసలు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోనే పడతాయి. పాపం నాన్న ఏనాడూ ఎగ్గొట్టలేదు. పడ్డ మరునాడే అక్క మడి తాలూకు పైసలు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టేవాడు.

"నా మడి పైసలు నాకే దానం జేసినట్టుంటది తమ్మీ" అనేది అత్తమ్మ.

"అక్కా తమ్ముల నడుమ కాయిదం ఏందక్కా? ఊళ్లె నవ్వుతరు" అనేవాడు నాన్న. ఆమె ఇక రెట్టించేది కాదు. మామయ్య పోయాక ఒంటరిగా వ్యవసాయం నెట్టుకొచ్చిన మనిషి, నాట్ల రోజు కూలోళ్లకంటే ముందు బురదలో దిగే మనిషి, తమ్ముడి దగ్గర మాత్రం తగ్గిపోయేది.

పైసలు పడ్డ రోజు నా దుకాణం ముందు రైతుల ఫోన్లు మెసేజ్‌లతో వరసగా మోగేవి. యూరియా బస్తా మీద కూర్చున్న అత్తమ్మ ఫోన్ కూడా మోగేది. "ఏమొచ్చిందో సూడురా" అని నాకు ఇచ్చేది.

"రీచార్జి అయిపోవచ్చిందట అత్తమ్మా."

"సర్కారు మర్సినా ఫోనోడు నన్ను మర్వడు" అనేది. అందరూ నవ్వేవారు. ఒకసారి అందరూ వెళ్లాక అంది: "భూమేమో నోటిమాట మీద నడుస్తది బిడ్డా, సర్కారు కాయిదం మీద నడుస్తది. నేను నడుమ ఇరుకున్న."

మొన్న దసరాకు జమ్మి ఆకు చేతిలో పెడుతూ నాన్నను సూటిగానే అడిగింది. "పానం ఉండంగనే ఆ మడి నా పేరున జెయ్యి తమ్మీ. పైసల కోసం గాదు. నేను గూడ రైతునే అని ఒక్క కాయిదం మీద సూసుకోవాలె."

నాన్న జమ్మి ఆకు కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. చివరికి "యాసంగి కోతలైనంక చేపిస్తక్కా" అన్నాడు. ఆ పూట ఆమె సంబరం చూడాలి. వద్దంటున్నా మా ఇద్దరికీ మళ్లీ మళ్లీ వడ్డించింది.

కోతలదాకా ఆమె ఆగలేదు.

దినాలయ్యాక, చావు నమోదు చేయించడానికి నాన్నా నేనూ పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. కార్యదర్శి కొత్తగా వచ్చిన అమ్మాయి. పేరు, వయసు రాసుకుని "ఏం పని చేసేటిది? ఇంటి పనేనా?" అని అడిగింది.

"కాదు బిడ్డా" అన్నాడు నాన్న. "రైతు. రైతు అని రాయి."

ఆ అమ్మాయి రాసి, సంతకం పెట్టమని కాగితం ఇటు తిప్పింది. నాన్న 'రైతు' అన్న మాట మీద వేలు పెట్టి చదివాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కార్యదర్శి కాగితం కోసం చెయ్యి చాచింది. నాన్న వేలు మాత్రం అక్కణ్నుంచి తీయలేదు.