ఉస్తాద్ మెలేసిన చెవి

చిన్నప్పుడు ఆళ్లగడ్డ మసీదులో మాకు ప్రవక్త మాటలని హదీసులు బట్టీ పట్టించిన ఉస్తాద్ ఆయన. ఒక్క మాట తప్పినా చెవి మెలేసేవాడు.

మొన్న నంద్యాల బస్టాండులో కూర్చుని, తెలుగు ఖురాన్‌లో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటా కనిపించినాడు. సంతోషపడతాడని, ఆయన నేర్పిన హదీసొకటి గడగడా అప్పజెప్పినా.

పుస్తకం నా చేతిలో పెట్టి, "అది దీంట్లో యాడుందప్పా? చూపించు" అన్నాడు.

నాలుగు పుటలు తిప్పి, పుస్తకం తిరిగి ఆయన చేతికిచ్చినా.

"హదీసులు ఇడిసి రెండేండ్లాయ. దేవుని మాట ఇదొకటేనని, నా అంతకు నేను చదువుకుంటాండా. అందుకే మసీదులో నా సలాముకు ఎవురూ బదులియ్యరు."

"నేర్పింది మీరే గదా ఉస్తాద్!" అన్నా.

ఆయన చెయ్యి నా చెవి దాకా వచ్చింది. మెలేస్తాడేమోనని తల వంచినా.

మెల్లగా నిమిరి, "అప్పుడు శానా నొచ్చిందా నాయనా?" అని అడిగినాడు.